అక్క పేరున వచ్చిన జీతం

జూలై నెల వచ్చిందంటే కుమారసామి ఇంటికి పాలకంటే ముందు కాగితాలు వస్తాయి. కోవిల్పట్టిలో ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి ఇరవై రెండేళ్ళుగా లెక్కలు చూస్తున్న మనిషి ఆయన. ఆఫీసులో ఎవరికి ఆదాయపు పన్ను రిటర్ను వెయ్యాలన్నా ఆయన గడపే తొక్కుతారు. దానికి ఎవరి దగ్గరా ఒక్క రూపాయి పుచ్చుకోడు. గౌరవం మాత్రం పుచ్చుకుంటాడు, అదీ కొసరుతో సహా.

ఆ ఆదివారం పొద్దున వచ్చినవాడు హరికృష్ణన్. ఫ్యాక్టరీలో ప్యాకింగ్ విభాగం చూస్తాడు, సాయంత్రాలు ఒక ట్యూషన్ సెంటర్లో పాఠాలు చెబుతాడు. రెండు చోట్లా జీతమే. రెండు చోట్లా ఇచ్చిన ఫారాలు రెండూ తెచ్చి బల్లమీద పరిచాడు. మొహం మాత్రం లాటరీ తగిలినట్టు ఉంది.

"చూడన్నా, ఫ్యాక్టరీలోనూ పైసా పట్టలే, అక్కడా పైసా పట్టలే. అంటే నేను కట్టాల్సింది ఏమీ లేదు, సరేనా?"

"ఎట్లా లేదు?" కుమారసామి కళ్ళద్దాలు సవరించుకున్నాడు. ఇలాంటి ప్రశ్న అడిగితే ఆయనకు కాఫీ కూడా అక్కర్లేదు. "నువ్వు సాయంత్రం సంపాదించేది ఫ్యాక్టరీకి తెలీదు. పగటి సంబళం ట్యూషన్ వాళ్ళకి తెలీదు. ఎవరికి వాళ్ళు, పాపం వీడికి వచ్చేది ఏడు లక్షల లోపే కదా అని వదిలేసినారు. గవర్నమెంటుకు నువ్వు ఇద్దరు మనుషులు కాదు హరీ, ఒక్కడే. రెండు సంబళాలూ ఒకే గంపలో పొయ్యాల. పోసి చూస్తే తొమ్మిది లక్షలు దాటతాది. అప్పుడు వరి పడతాది, అదే పన్ను."

"రెండో పనికి ఇంత తంటానా?"

"పనికి తంటా లేదు. దాచిపెడితేనే తంటా. చేరిన రోజే ఆ ట్యూషన్ వాళ్ళకి, నాకు ఫ్యాక్టరీలో ఇంత సంబళం వస్తాదని రాసిచ్చి ఉంటే, నెలనెలా కొంచెం కొంచెం పట్టుకొని ఉంటారు. నువ్వు చెప్పలే. ఇప్పుడు ఒకేసారి కట్టు, వడ్డీతో."

"కట్టకపోతే ఎవరికి తెలుస్తాదన్నా?"

"తెలీకుండా ఎక్కడికి పోతాది? నీ పాన్ నంబరు పడిన చోటంతా..."

ఆ మాట దగ్గర కుమారసామికి పొరబోయింది. వంటింటి గుమ్మంలో భార్య సెల్వరాణి గరిటె పట్టుకుని నిలబడి ఆయన్నే చూస్తోంది. హరికృష్ణన్ కాగితాలు సర్దుకుని వెళ్ళేదాకా ఆమె నోరు విప్పలేదు.

"ఊరికంతా బాగా చెప్తావు. మన సంగతి ఎవరు చెప్పాల?"

"మనది వేరే" అన్నాడు కుమారసామి, చొక్కా తొడుక్కుంటూ. "బస్సుకు టైమైంది."

మనది వేరే అని ఆయన రెండేళ్ళుగా అంటూనే ఉన్నాడు. వేరే ఎలా అయిందో ఆమెకూ తెలుసు. విరుదునగర్లో మారియప్పన్ అనే పప్పుల వ్యాపారి ఉన్నాడు. బుధవారం సాయంత్రం, ఆదివారం పగలంతా వచ్చి నా మండీ లెక్కలు చూడు, నెలకు ముప్ఫై వేలిస్తాను అన్నాడు. ఇల్లు కట్టిన అప్పు నెత్తిమీద ఉంది, ఆశ పుట్టింది. కానీ ఫ్యాక్టరీలో చేరిన రోజు ఇచ్చిన కాగితంలో మొదలాళి, అంటే యజమాని, అనుమతి లేకుండా వేరే పని చెయ్యకూడదని రాసి ఉంది. దానికి తోడు రెండు ఆదాయాలూ కలిస్తే ఏడాదికి నలభై ఆరు వేలకు పైగా పన్ను. ఎవరికో అయితే కట్టు అని వేలు చూపించే మనిషి, తన జేబు దాకా వచ్చేసరికి దారి వెతికాడు.

ఆ దారి పేరు మాయక్కాళ్. విరుదునగర్లో పప్పు మిల్లులో రాళ్ళేరే పనికి పోయే ఆయన అక్క.

వాళ్ళ ఇళ్ళల్లో ఒక వాడుక ఉంది. తమ్ముడు ఏ కొత్త పని మొదలుపెట్టినా తొలి చెయ్యి అక్కది. నల్లరేగడి కరిసలు పొలంలో విత్తే ముందు వాళ్ళ నాయన కూడా తన అక్క చేత పిడికెడు గింజలు పెట్టించుకున్నాకే గొర్రు కదిలించేవాడు. ఆ వాడుకనే కుమారసామి ఆఫీసు కాగితాల్లోకి ఈడ్చుకొచ్చాడు. "అక్కా, నీ చెయ్యి రాశిగల చెయ్యి, పట్టిందల్లా కలిసొస్తాది. ఈ కొత్త పని నీ పేరు మీద మొదలుపెడతా" అన్నాడు. మాయక్కాళ్ మురిసిపోయింది. పాన్ కార్డు తీయిస్తే సంతకం పెట్టింది, బ్యాంకులో ఖాతా తెరిపిస్తే సంతకం పెట్టింది. ఏటీఎం కార్డు తమ్ముడి జేబులోకి పోయింది. అంతా తొలి చెయ్యి వాడుకే అనుకుంది, అందులో ఏమైనా పడుతోందా అని ఏనాడూ అడగలేదు. తమ్ముడు నా పేరు మీద బ్యాంకులో కణక్కు తెరిచినాడని మిల్లులో నలుగురికీ చెప్పుకుంది.

మారియప్పన్ పదో వంతు పన్ను పట్టుకుని మిగతాది ఆమె ఖాతాలో వేసేవాడు. జూలైలో కుమారసామి అక్క పేరున రిటర్ను వేసేవాడు. ఆమె ఆదాయం అదొక్కటే కనుక పట్టిన పన్నంతా వాపసు వచ్చేది. "అక్కా, నీ ఫోనుకు ఒక నంబరు వస్తాది, చదివి చెప్పు" అంటే, ఆమె ఆరు అంకెలూ ఒక్కొక్కటిగా కూడబలుక్కుని చదివేది. తన తెలివికి ఆయన లోలోపల భుజం తట్టుకునేవాడు.

సాత్తూరు దాటాక బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. హరికృష్ణన్‌కు చెప్పిన మాటలే చెవిలో తిరుగుతున్నాయి. కాసేపు కళ్ళు మూసుకున్నాడు.

మండీలో పని సగం చేసి మధ్యాహ్నం భోజనానికి అక్క ఇంటికి పోవడం రెండేళ్ళుగా అలవాటు. ఆ రోజూ వెళ్ళాడు. మాయక్కాళ్ కంచం పెట్టి, చేపల పులుసు పోసి, ఎదురుగా కూర్చుంది. ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడే మనిషి ఊరికే చూస్తోంది.

"ఏందక్కా? ఒళ్ళు బాగాలేదా?"

"ఒళ్ళు బాగానే ఉండాది. నువ్వు తిను ముందు. తిన్నాక చెప్తా."

తిన్నాక ఒక కాగితం తెచ్చి చేతికిచ్చింది. ఇసక్కిసెల్వి, ఆమె కూతురు, కాలేజీలో బీకాం రెండో ఏడాది. మామలాగా లెక్కలు చదవాలని చేరిన పిల్ల. ప్రభుత్వం ఇచ్చే ఫీజు సాయానికి ఆదాయ ధ్రువీకరణ పత్రం కావాలి. తాలూకా ఆఫీసులో పోయినేడు నవ్వుతూ ఇచ్చారు. ఈ ఏడు తిరస్కరించారు. కారణం ఒక్క వరుసలో రాసి ఉంది: దరఖాస్తుదారు ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేసినవారు.

ఆ వరుస చదవగానే కుమారసామికి నోట్లో పులుసు రుచి మారిపోయింది.

"నెలనెలా గవర్నమెంటు ఆడోళ్ళకి ఇచ్చే వెయ్యి రూపాయలు కూడా రెండు నెలలుగా నిలిచిపోయింది" అంటోంది మాయక్కాళ్. "ఎందుకో ఏమో అని ఊరికే ఉండా. ఇప్పుడు ఇది. నాకెక్కడ వరుమానం తమ్ముడూ? రోజంతా కూర్చొని రాళ్ళేరితే నాలుగొందలు. మూడు సార్లు పోయినా ఆఫీసుకు. మూడు రోజుల కూలి పోయింది. ఎవరో మాయక్కాళ్ అని వేరే ఆమె కణక్కు నా నెత్తిన పడినట్టు ఉండాది."

"ఉండొచ్చు" అన్నాడు కుమారసామి. కాగితాన్ని మళ్ళీ మడిచి పక్కన పెట్టాడు.

"వచ్చే నెల పదో తారీకు లోపల ఆ పత్రం ఇవ్వకపోతే బిడ్డ ఫీజంతా మనమే కట్టాలంట. లేకపోతే చదువు నిలిపేస్తాదంట. అది అప్పుడే మిల్లుకు వస్తా అంటా ఉండాది. నువ్వు ఒక మను రాసియ్యి తమ్ముడూ. నాకు వేరే వరుమానం ఏదీ లేదని గట్టిగా రాయి. నీ రాత చూస్తే వాళ్ళకు నమ్మకం వస్తాది."

అప్పుడే చెప్పి ఉండాల్సింది. నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ అక్క పెన్ను మూత తీసి మరీ చేతికి అందిస్తుంటే, కుమారసామి దాన్ని అందుకుని అర్జీ రాశాడు. మంచి తమిళంలో, తప్పుల్లేకుండా, 'కూలి తప్ప నాకు వేరే ఏ ఆదాయమూ లేదని ప్రమాణపూర్వకంగా తెలియజేస్తున్నాను' అని రాశాడు. మాయక్కాళ్ చదవకుండానే కింద సంతకం పెట్టింది. రాసింది తమ్ముడు మరి. ఆ పూట మండీకి తిరిగి వెళ్ళి ఒక్క అంకె కూడా సరిగా వెయ్యలేకపోయాడు.

సోమవారం, మంగళవారం ఫ్యాక్టరీలో ఫోను మోగితే చాలు, ఉలిక్కిపడ్డాడు. ఏదో ఒకటి చేసి సర్దేద్దాం, వచ్చే ఏడాది నుంచి అక్క పేరు తీసేద్దాం, పిల్ల ఫీజు మనమే కట్టేద్దాం, అడిగితే మేనమామ బాధ్యత అందాం. ఇలా తనకు తానే నాలుగైదు దారులు చెప్పుకున్నాడు. ఒక్క దాంట్లోనూ నిజం చెప్పడం లేదు.

బుధవారం మధ్యాహ్నం ఇసక్కిసెల్వి ఫోన్ చేసింది. "మామా, సాయంత్రం మండీకి పోయే ముందు ఇంటికి రా." అంతే, ఇంకో మాట లేదు. ఎప్పుడూ మామా తిన్నావా అని అడగకుండా ఫోను పెట్టని పిల్ల.

వెళ్ళేసరికి మాయక్కాళ్ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఇసక్కిసెల్వి ఫోను పట్టుకుని నిలబడింది.

"సోమవారం అమ్మ ఆ మను తీసుకుని పోయింది" అంది ఇసక్కిసెల్వి. "అక్కడి సారు కంప్యూటర్ చూసి, అబద్ధాలు రాసుకొని వస్తావా అని అందరి ముందు అరిచినాడు. అమ్మ ఏం చేసిందో తెలుసునా మామా? నా తల మీద చెయ్యి పెట్టి సత్యం చేసింది. నాకు కూలి తప్ప ఒక్క రూపాయి వేరే వరుమానం ఉంటే ఈ బిడ్డ నాకు దక్కకుండా పోనీ అనింది."

లోపలికి రాబోయిన కుమారసామి ఆగిపోయాడు. గుమ్మం పట్టుకున్నాడు.

"నిన్న అమ్మ పాన్ నంబరు వేసి, అమ్మ ఫోనుకు వచ్చిన నంబరు కొట్టి, నేనే తెరిచి చూసినా. మా కాలేజీలో నేర్పించినారు." ఫోను ఆయన మొహం ముందు పెట్టింది. "రెండేళ్ళుగా అమ్మకు నెలకు ముప్ఫై వేలు ఇచ్చింది మారియప్పన్ మండీ. చెప్పు మామా, మారియప్పన్ మండీలో మా అమ్మ ఏం పని చేస్తా ఉండాది?"

ఆయన నోరు తెరిచేలోపే మాయక్కాళ్ అందుకుంది.

"వాడిని అడుగుతావేంటే? వాడికేం తెలుసు? ఆ మారియప్పన్ ఏదో దొంగ పని చేసినాడు. తమ్ముడి అక్కే కదా, ఏమంటాదిలే అని నా పేరు వాడుకున్నాడు. నువ్వు పోయి నిలదీయి తమ్ముడూ. నీ సంబళం సంగతి తర్వాత చూద్దాం, ముందు అడుగు."

తప్పించుకునే దారిని అక్కే తెరిచి పెట్టింది. మారియప్పన్ మీదికి తోసేస్తే చాలు, ఈ పూటకు గండం గడిచిపోతుంది. ఇసక్కిసెల్వి మాత్రం రెప్ప వెయ్యకుండా చూస్తోంది. ఆ పిల్లకు అంతా తెలుసు. అయినా మామ నోటితో వినాలని ఆగి ఉంది.

"మారియప్పన్ కాదక్కా" అన్నాడు కుమారసామి. "నేనే. ఆ ముప్ఫై వేలు నా సంబళం. నా పేరున వస్తే ఫ్యాక్టరీకి తెలుస్తాదని, వరి కట్టాల్సి వస్తాదని, నీ పేరున వేయించినా."

మాయక్కాళ్‌కు వెంటనే అర్థం కాలేదు. కూతురి వంక చూసింది, మళ్ళీ తమ్ముడి వంక చూసింది.

"అయితే ఆదివారం ఆ మను రాసేటప్పుడు..."

"తెలుసు."

"తెలిసే రాసినావా?"

"తెలిసే రాసినా అక్కా."

కొట్టినా, తిట్టినా బాగుండేది. ఆమె మెల్లగా లేచి, కూతుర్ని దగ్గరికి లాక్కుని, తల మీద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి వెంటనే తీసేసింది. ఆ తల మీద తాను చేసిన ప్రమాణం గుర్తొచ్చినట్టుంది.

"డబ్బు అడిగి ఉంటే ఇచ్చుంటానురా" అంది. "నీ చదువుకు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లలు పేర్చి ఇచ్చినా. నా కమ్మలు అమ్మి ఇచ్చినా. అప్పుడు నోరు తెరిచి అడిగినావు. ఇప్పుడు నా పేరు కావాల్సి వస్తే రాశి, చెయ్యి అని ఏమార్చినావు. నాకు ఆస్తి ఉండాదా, అంగడి ఉండాదా? మాయక్కాళ్ అబద్ధం చెప్పదు అనే పేరొక్కటే ఉండాది. దాన్ని ఆఫీసులో నలుగురి ముందు..." మాట తెగిపోయింది. "నువ్వు పో తమ్ముడూ. ఇప్పుడు పో."

కుమారసామి ఆ రోజు మండీలో పని చెయ్యలేదు. మారియప్పన్‌ను కలిసి, రెండేళ్ళ చెల్లింపులూ అక్క పాన్ నుంచి తీసి తన పాన్ మీదికి మార్చమని అడిగాడు. "నువ్వు చెప్పిన పేరే రాశాను, నాదేం పోయింది? ఆడిటర్‌కు చెబుతాను. కానీ మీ ఫ్యాక్టరీకీ ఆయనే ఆడిటర్, తెలుసు కదా" అన్నాడు మారియప్పన్. తెలుసు. రెండేళ్ళూ ఆ భయంతోనే అక్క పేరు వాడాడు. రేపటికల్లా ఫ్యాక్టరీ మొదలాళి సీనివాసన్‌కు తెలిసిపోతుంది.

మర్నాడు పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని సెల్వరాణి ముందు కూర్చున్నాడు. జరిగిందంతా చెప్పాడు. ఆమె ఎక్కడా అడ్డు రాలేదు, ప్రమాణం సంగతి వచ్చేటప్పటికి మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బిడ్డ తల మీదనా?"

"ఊఁ."

"నేను కూడా ఊరికే ఉండినా కదా. నాకూ పాపం ఉండాది" అంది. "ఆ డబ్బుతోనే కదా అప్పు కట్టినాం, పైన ఇంకో గది వేసినాం. ఏమేమి కట్టాల?"

"పోయినేడుది అపరాధ రుసుముతో, ఈ ఏడుది వడ్డీతో కట్టాల. అక్క పేరున వాపసు తీసుకున్నది మళ్ళీ గవర్నమెంటుకు కట్టాల. అంతా చేరిస్తే లక్ష బాగా దాటతాది. అది కాదు రాణీ, పని కూడా పోవచ్చు."

ఆమె లోపలికి పోయి గాజులు నాలుగు తీసి బల్లమీద పెట్టింది. "బ్యాంకులో కుదువ పెట్టు. పని పోతే పోనీ. లెక్కలు తెలిసినోడికి ఈ ఊళ్ళో కూటికి తక్కువా? కానీ రేపు వదిన మొహం నేను తలెత్తి చూడాల."

ఎవరో చెప్పేదాకా ఆగకుండా కుమారసామి తానే మొదలాళి గదిలోకి వెళ్ళాడు. సీనివాసన్ చివరిదాకా విన్నాడు. పెద్దాయన అరవలేదు. అరిచి ఉంటే కుమారసామికి కొంచెం తేలికగా ఉండేది.

"అడిగి ఉంటే చెయ్యమనే ఉంటాను" అన్నాడు. "రెండేళ్ళు నా ఎదురుగా కూర్చుని లెక్క చూపించావు, ఈ లెక్క చూపించలేదు. నిన్ను పంపించను. కానీ క్యాష్ తాళాలు రేపటి నుంచి హరికృష్ణన్ దగ్గర ఉంటాయి."

ఆ తాళాల గుత్తి హరికృష్ణన్ చేతిలో పెట్టేటప్పుడు, వాడు తల దించుకున్నాడు. "అన్నా, నువ్వు చెప్పినట్టే నేను నిన్న వరి కట్టేసినా" అని మాత్రం గొణిగాడు.

ఇసక్కిసెల్వికి ఫోన్ చేసి, ఆగస్టు ఆరో తారీకున అమ్మను తీసుకుని తాలూకా ఆఫీసుకు రమ్మన్నాడు. వస్తారో రారో తెలీదు. ఆ బుధవారం తర్వాత అక్క ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. ఫోన్ చేస్తే ఇసక్కిసెల్వే ఎత్తేది, అమ్మ పనిలో ఉంది అనేది. ఆ రోజు విరుదునగర్లో బస్సు దిగి ఆఫీసు వరండాలో నిలబడితే, పది గంటలకు తల్లీకూతుళ్ళిద్దరూ వచ్చారు. మాయక్కాళ్ మిల్లుకు పోయే పాత చీర కాకుండా మంచి చీర కట్టుకుంది. తమ్ముడి వంక చూడకుండా పక్కన వచ్చి నిలబడింది.

గుమాస్తా బల్ల ముందు ముగ్గురూ నిలుచున్నారు. అక్కడ మాటలన్నీ తమిళంలోనే. కుమారసామి సంచిలోంచి కాగితాలు ఒక్కొక్కటిగా తీసి పెట్టాడు. పన్ను కట్టిన రసీదులు, మారియప్పన్ ఆడిటర్ ఇచ్చిన ఉత్తరం, తాను రాసి సంతకం చేసిన వాంగ్మూలం. ఈ ఆదాయం ఈమెది కాదు, నాది, ఈమెకు తెలీకుండా ఈమె పేరు వాడుకున్నాను అని.

గుమాస్తా కాగితాలు తిరగేశాడు. గదిలో ఉన్న మిగతావాళ్ళు కూడా ఇటు తిరిగారు. ఆ సోమవారం మాయక్కాళ్‌ను అబద్ధాలకోరు అన్నది ఈ గదిలోనే. ఇప్పుడు అదే గొంతు కుమారసామి మీదికి మళ్ళింది.

"చదువుకున్నవాడివి. నెలంతా పప్పులో రాళ్ళేరుకునే అక్క నెత్తిన ఈ లెక్క పెడతావా? ఇలాంటి తమ్ముణ్ణి ఎలా నమ్మావమ్మా? ఇప్పుడైనా ఎవరో పట్టిస్తేనే వచ్చుంటాడు. లేకపోతే వీడు వస్తాడా?"

కుమారసామి తల వంచుకుని నిలబడ్డాడు. ఆ మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు.

"అట్లా అనకండి సార్."

మాయక్కాళ్ ఒక అడుగు ముందుకు వచ్చింది. కొంగు భుజం మీదికి బిగించి, గుమాస్తా కళ్ళల్లోకి చూసింది. "ఎవరూ పట్టించలేదు సార్. మాకెవరికీ తెలియను కూడా తెలియదు. వాడే వచ్చి, అక్కా, తప్పు చేశాను అని చెప్పాడు. వాడి అంతట వాడే. నా తమ్ముడు అలాంటివాడు కాదు."

ఇసక్కిసెల్వి చప్పున తల్లి మొహం చూసింది. కుమారసామి కూడా చూశాడు. కూతురి తల మీద చెయ్యి వేసి ప్రమాణం చేసిన మనిషి, ఆ ప్రమాణం తలుచుకుని పది రోజులుగా తిండి మానేసిన మనిషి, అదే బల్ల ముందు నిలబడి, అదే గుమాస్తాతో, ఈసారి తెలిసే అబద్ధం చెబుతోంది. అడగకుండా చెబుతోంది. పది రోజులు తనతో మాట్లాడని అక్క.

ఇన్నేళ్ళలో ఆయనకు అంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు.

"కాదు సార్" అన్నాడు. "మా అక్క నా కోసం చెబుతోంది. నా అంతట నేను రాలేదు. మా మేనకోడలు కనిపెట్టింది. అంతకుముందు ఆదివారం ఆ దొంగ అర్జీ రాసిచ్చింది కూడా నేనే. అప్పుడు చెప్పే అవకాశం ఉంది, చెప్పలేదు. పట్టుబడ్డాకే ఒప్పుకున్నాను. ఆ రోజు మీ ముందు ఆమె చేసిన ప్రమాణం ఆమెకు తెలిసినంత వరకూ నిజమే. అది రాసుకోండి సార్. ఇక్కడ అబద్ధం చెప్పినవాణ్ణి నేను, మా అక్క కాదు."

గుమాస్తా పెన్ను కింద పెట్టాడు. "ఆ రోజు నేను అరవకుండా ఉండాల్సిందమ్మా" అన్నాడు మాయక్కాళ్‌తో. కాగితాలన్నిటికీ నంబరు వేశాడు. విచారించి పత్రం ఇస్తామన్నాడు, పదో తారీకు లోపల మాత్రం మాట ఇవ్వలేనన్నాడు.

బయట వరండా మెట్లు దిగుతూనే మాయక్కాళ్ ఆగిపోయింది. పది రోజుల తర్వాత మొదటిసారి తమ్ముడి వైపు తిరిగింది.

"ఎందుకురా అట్లా చెప్పినావు? నా తమ్ముడిని అందరి ముందు అంత మాట అంటా ఉంటే, నేను రెండు మాటలు చెప్పకూడదా?"

"వద్దక్కా. ఒకసారి నీకు తెలీకుండా నీ నోట అబద్ధం చెప్పించినా. చాలు. ఇంకోటి నా కోసం..." మిగతాది చెప్పలేకపోయాడు. నలభై ఆరేళ్ళ మనిషి, మెట్ల మీద కూలబడి, మొహం రెండు చేతుల్లో దాచుకుని ఏడ్చేశాడు. అర్జీలు రాయించుకోవడానికి వచ్చినవాళ్ళు చూస్తున్నారు. చూడనీ అనుకున్నాడు.

మాయక్కాళ్ వచ్చి పక్క మెట్టు మీద కూర్చుంది. వీపు మీద చెయ్యి వేసింది.

"లెయ్యి. కోపం పోలే నాకు. ఇంకా కొన్నాళ్ళు ఉంటాది, ఊరికే పోదు" అంది. "కానీ లోపల ఆ మాట చెప్పినావు చూడు, అప్పుడు నా తమ్ముడు నాకు కనబడినాడు. లెయ్యి. ఏడ్చింది చాలు."

ఆయన మొహం తుడుచుకున్నాడు. ఇసక్కిసెల్వి నీళ్ళ సీసా అందించింది. మామా, తిన్నావా అని అడగలేదు గానీ, అడగబోయినట్టు పెదవులు కదిలాయి.

"పదో తారీకు వస్తా ఉండాది" అంది మాయక్కాళ్. "పత్రం రాకపోతే బిడ్డ ఫీజు ఏం చేసేది?"

"కట్టేసినా అక్కా. నిన్ననే కాలేజీకి పోయి కట్టేసి వచ్చినా."

మాయక్కాళ్ కనుబొమలు ముడిచి, చెయ్యి చాపింది. "రసీదు చూపించు. ఎవరి పేరున కట్టినావు?"

కుమారసామి జేబులోంచి రసీదు తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని కళ్ళకు దగ్గరగా పట్టుకుని, డబ్బు కట్టినవారు అని ఉన్న చోట వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది.

కు, మా, ర, సా, మి.

చివరి అక్షరం దాకా చదివాక, ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.